ఆటగాడొక్కడే కదలడు

అమెరికాలో కార్సన్ బెక్ అనే కాలేజీ ఆటగాడి లంబోర్గినీ కారును 2025 ఫిబ్రవరిలో దొంగలెత్తుకుపోయారు. జార్జియా యూనివర్సిటీ జట్టు వదిలి మయామీ జట్టులో చేరి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఈ కబురు సెల్‌ఫోనెక్కి మద్రాసులో మా వ్యాసర్పాడి టీ కొట్టుకు చేరేసరికి ఒక పెద్దాయనకు కోపం నషాళానికంటింది.

"చదువుకునే పిల్లోడికి అంత కారెందుకప్పా? మేం కాలేజీకి సైకిలు మీద పోలేదా?"

పెద్దాయన కాలేజీ గడప తొక్కలేదని కొట్టులో అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరెత్తలేదు. నీతి చెప్పేవాణ్ణి సర్టిఫికెట్ అడగడం మనవైపు ఆనవాయితీ కాదు.

ఆయనకు కోపం తెప్పించిన ఆట మన ఫుట్‌బాల్ కాదు. అక్కడ బంతి గుండ్రంగా ఉండదు, కాలికంటే చేతికే పని ఎక్కువ. ఆ చేతుల్లో ఖరీదైన చెయ్యి క్వార్టర్‌బ్యాక్‌ది. బంతి ఎవరికి, ఎప్పుడు విసరాలో తేల్చేది వాడే. వాడి మీద లక్షమంది పట్టే స్టేడియాలు నిండేవి, టీవీ వాళ్లు కోట్లు కుమ్మరించేవాళ్లు, కోచ్‌లు భవంతులు కట్టుకునేవాళ్లు. వాడికి మాత్రం ఫీజు మాఫీ, హాస్టల్ అన్నం. జట్టు మారాలంటే ఒక సీజన్ మొత్తం బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. 2018లో బదిలీల పోర్టల్ తెరిచారు. 2021లో మొదటిసారి మారేవాళ్లకు బెంచీ శిక్ష తీసేశారు, ఆ ఏడాది జూలై 1 నుంచి తమ పేరూ ముఖమూ అమ్ముకుని సంపాదించుకోవచ్చన్నారు. 2025 నుంచి కాలేజీలే నేరుగా జీతమిస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ 2.05 కోట్ల డాలర్ల దాకా. ఇక పిల్లలు ఆగుతారా? నికో ఇయమలియావా అనే కుర్రాడు డబ్బు దగ్గర పేచీ పెట్టుకుని 2025 ఏప్రిల్‌లో టెనెసీ నుంచి యూసీఎల్ఏకి వెళ్లాడు. యూసీఎల్ఏలో ఉన్న జోయీ అగిలార్ టెనెసీకి వచ్చాడు. మన ఊళ్లలో కుండమార్పిడి పెళ్లిళ్లు ఇంతకంటే ఎక్కువ రోజులు బేరమాడతారు.

దీన్ని విశ్వాసం లేకపోవడం అంటున్నారు అక్కడి పెద్దలు, ఇక్కడి మా టీ కొట్టు పెద్దాయన కూడా. అదే ఏడాది నవంబర్ చివర్లో ఓల్ మిస్ యూనివర్సిటీ కోచ్ లేన్ కిఫిన్, తన జట్టు చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్ ఆడబోతుండగా, దాన్ని వదిలేసి ఎల్ఎస్‌యూకి వెళ్లిపోయాడు. తిట్టినవాళ్లు తిట్టారు, జీతం పెంచేవాళ్లు పెంచారు. ఇరవై ఏళ్లవాడు మారితే ద్రోహం, యాభై ఏళ్లవాడు మారితే కెరీర్.

మనకైనా బదిలీలంటే అంత ఉలికిపాటు దేనికో నాకు అర్థం కాదు. క్రికెటర్ అంబటి రాయుడు 2023 డిసెంబర్ 28న ఒక పార్టీ కండువా కప్పుకుని 2024 జనవరి 6న తీసేశాడు. ఏ పోర్టల్‌లోనూ ఇంత వేగం లేదు. అసెంబ్లీలో గోడ దూకినవాళ్లకు మళ్లీ ఓట్లేసి గెలిపించే మనం, మైదానంలో గీత దాటినవాడికి శీలపరీక్ష పెడతాం.

అసలు సంగతి వేరే ఉంది. మన ఫుట్‌బాల్‌లో ఆటగాడు మారడం చిన్న విషయం. ఇక్కడ జట్టుకు జట్టే మూటాముల్లె సర్దుకుంటుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీని గుర్తు తెచ్చుకోండి. అది పుట్టిందే బదిలీలో. పుణెలో మూతపడిన జట్టు స్థానంలో 2019లో హైదరాబాద్ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. ఒక తెలుగు నగరం పేరున్న జట్టు దేశంలో పెద్ద లీగు గెలిచిందని నాలాంటివాళ్లం ఇక్కడ మద్రాసులో కాలరెగరేశాం. మరుసటి ఏడాది గడిచేసరికి జీతాలు బాకీ. విదేశీ ఆటగాళ్లు ఫిఫా గుమ్మం తొక్కారు, కొత్తవాళ్లను కొనకూడదని క్లబ్బు మీద నిషేధం పడింది. పెద్ద ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు, మిగిలిన కుర్రాళ్లే 2023-24 సీజన్ ఈడ్చారు. మొత్తం మీద గెలిచింది ఒక్క మ్యాచ్. అదీ మా చెన్నైయిన్ మీద, మా ఊళ్లోనే. ఆ రాత్రి ఏడవాలో నవ్వాలో తెలియక మా వీధి తెలుగువాళ్లు తొందరగా పడుకున్నారు. తర్వాత క్లబ్బు చేతులు మారింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. ఢిల్లీలో అప్పటికి ఖాళీ ఎందుకుందంటారా? అక్కడుండే ఢిల్లీ డైనమోస్ 2019లోనే భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయిపోయింది కాబట్టి.

పుణె, హైదరాబాద్, ఢిల్లీ: నాలుగు కాలేజీలు మారిన క్వార్టర్‌బ్యాక్‌ను తిట్టే నోళ్లు దీనికి పెట్టిన పేరు "పునర్వ్యవస్థీకరణ".

ఒకప్పుడు సంగతి తిరగబడి ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ రహీం సాబ్ చేతికింద 1950 నుంచి 1954 దాకా వరసగా 5 రోవర్స్ కప్పులు గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, ఆ బెంగాల్‌లోనే ఉత్తరపాడాలో ఉండిపోయి 2023లో కన్నుమూశాడు. ఆ రోజుల్లో కలకత్తా క్లబ్బులు సంతకాల సీజన్‌లో ఆటగాళ్లను ఎదుటివాడికి చిక్కకుండా ఎక్కడెక్కడో దాచిపెట్టేవట. దాచిపెట్టుకునేంత విలువ ఉండేదన్నమాట. ఆటగాడు వెళ్లినా హైదరాబాద్‌లో జట్టు మిగిలేది. ఇప్పుడు ఆటగాడు మిగిలాడు, జట్టు వెళ్లింది.

ఇక ఖర్చుల సంగతి. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల దివాలాల మీద 2015లో ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, రిటైరైన 12 ఏళ్లలో దాదాపు ఆరుగురిలో ఒకరు కోర్టుకెక్కారని తేలింది. బాక్సర్ మైక్ టైసన్ పులుల్ని పెంచాడు, 30 కోట్ల డాలర్లకు పైగా సంపాదించి 2003లో దివాలా తీశాడు. నిజమే, బుద్ధి తక్కువ పనే. కానీ ఆ ఆటగాళ్లకు పన్నెండేళ్ల దాకా పట్టింది. మన చాంపియన్ క్లబ్బు రెండేళ్లు కూడా ఆగలేదు, అదీ ఒక్క పులిని కూడా పెంచకుండా.

2025లో ఐఎస్ఎల్‌కే ఊపిరాడలేదు. సమాఖ్యకూ లీగు నడిపే కంపెనీకీ మధ్య పదిహేనేళ్ల ఒప్పందం డిసెంబర్ 8తో ముగుస్తుందని అందరికీ ముందే తెలుసు, పదిహేనేళ్ల క్రితమే తెలుసు. అయినా జూలైలో హఠాత్తుగా తెలిసినట్టు ఉలిక్కిపడి లీగును పక్కన పెట్టారు. ఆగస్టులో మా చెన్నైయిన్ ఎఫ్‌సీ కార్యకలాపాలు నిలిపేశామంది. హక్కులకు టెండర్ పిలిస్తే నవంబర్‌లో గడువు ముగిసేసరికి ఒక్కడూ రాలేదు. దేశం తరఫున ఆడే ఆటగాళ్లు "మాకు ఆట కావాలి" అని బహిరంగంగా ప్రాధేయపడ్డారు.

అదే ఏడాది డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం దీపాలతో వెలిగిపోయింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ తొడుక్కుని బంతి తన్నారు, బాగానే తన్నారు కూడా. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మెస్సీ పక్కన నిలబడి ఫోటో దిగడానికి ధర దాదాపు 10 లక్షలు, పైన జీఎస్టీ. సొంత జట్టు ఢిల్లీ రైలెక్కిన ఏడాదే, లీగులో ఒక్క బంతీ కదలని నెలలోనే, ఊరు ఫుట్‌బాల్ మీద ప్రేమను ఇలా చాటుకుంది. దుబారా గురించి పాఠం చెప్పించుకోవాల్సింది ఎవరో నాకు తెలియదు, లంబోర్గినీ కుర్రాడు మాత్రం కాదు. వాడి కారు కనీసం రోడ్డు మీద తిరిగింది.

ఇప్పుడు మా పేటకు రండి. వ్యాసర్పాడిని "మినీ బ్రెజిల్" అంటారు. నాలుగేళ్లకోసారి వరల్డ్ కప్పు వచ్చినప్పుడల్లా కెమెరాలు జీవా స్టేషన్‌లో దిగి కల్యాణపురం దారి అడుగుతాయి. ఇక్కడ ఉమాపతి, తంగరాజ్ లాంటివాళ్లు మురికివాడ పిల్లల కోసం ఒక సంస్థ పెట్టి, బడికి వెళ్తేనే బంతి అని షరతు పెట్టి, ఏళ్ల తరబడి ఆటా చదువూ నేర్పారు. ఈ సందుల్లోంచే ధనపాల్ గణేశ్ వెళ్లి 2018 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచిన చెన్నైయిన్ జట్టులో ఆడాడు. కెమెరావాడికి ఇదంతా అక్కర్లేదు. "తమ్ముడూ, బూట్లు విప్పి ఆడు, షాట్ బాగుంటుంది" అంటాడు. ఆ బూట్లు వాళ్లమ్మ చిట్టీ ఎత్తి కొన్నవి.

మా వీధి కుర్రాడు ఒకడికి క్లబ్బు నుంచి మొదటి జీతం వచ్చింది. క్రీడాకారుల విచ్చలవిడితనం ఎలా ఉంటుందో దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను. పొద్దున్నే అమ్మను వెంటబెట్టుకుని సేటు కొట్టుకు పోయాడు. కుదువ రసీదు మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలయింది. సేటు ముక్కలన్నీ గాజు బల్ల మీద పేర్చి, అంకె చదివి, వడ్డీ లెక్క రెండుసార్లు వేసి, లోపలికెళ్లి చిన్న కవరు తెచ్చాడు. అందులో ఆమె కమ్మలు. ఆమె చెవుల్లో ఉన్న చీపురుపుల్లలు తీసింది. రంధ్రాలు పూడిపోకుండా ఇన్నేళ్లూ వాటినే పెట్టుకుంది.

"ఇప్పుడు నాకెందుకురా ఇవి? ఇంటాయనకి బాకీ కట్టు ముందు."

"కడతాను. నువ్వు పెట్టుకో మా."

ఒక చెవికి ఎక్కింది. రెండో చెవికి ఎక్కలేదు. దానికి సేటు తన దగ్గరి కొబ్బరినూనె సీసా ఇచ్చాడు, ఉచితంగా, ఆయన వ్యాపార జీవితంలో ఇదొక్కటే కావచ్చు.

అక్కడినుంచి ఇంటి ఓనర్ దగ్గరికి, లీజు సొమ్ములో నిలిచిన బాకీకి. తర్వాత చెల్లెలి కాలేజీ ఫీజు. మిగిలినదాంతో పెరియమేట్‌లో రెండు జతల బూట్లు. ఒకటి తనకు, ఒకటి గ్రౌండులో ఇప్పుడు తన స్థానంలో లెఫ్ట్ వింగ్ ఆడుతున్న పిల్లాడికి. సాయంత్రం గ్రౌండు మొత్తానికి బిర్యానీ. అంతే, జీతం హుళక్కి. టీ కొట్టు పెద్దాయన కూడా వచ్చి రెండు ప్లేట్లు తిని, మూతి తుడుచుకుని, "వీళ్ల చేతిలో డబ్బు నిలవదప్పా" అన్నాడు.

ఈ కుర్రాడు లీగు ఆగినప్పుడు ఎక్కడికి బదిలీ కావాలి? ఏ పోర్టల్‌లో పేరు రాయించుకోవాలి? బిన్నీ మిల్లు ఉన్న రోజుల్లో ఇక్కడి తమిళుడికీ తెలుగువాడికీ షిఫ్టు పని ఉండేది. అది 1996లో తలుపులు మూసింది. రైల్వేలోనో బ్యాంకులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దొరికితే అదృష్టం, లేకపోతే బైకు మీద బిర్యానీ పార్శిళ్లు. మిల్లు పోయింది, క్లబ్బులు పోతాయి, స్పాన్సర్లు పోతారు, కోచ్‌లు పోతారు. కదలకుండా మిగిలేది వాడూ, వాడి గ్రౌండూ.

గ్రౌండు కూడా మిగలకూడదని 2024 అక్టోబర్‌లో చెన్నై కార్పొరేషన్‌కు ఆలోచన వచ్చింది. కృత్రిమ పచ్చిక పరిచిన 9 ఫుట్‌బాల్ మైదానాలను ప్రైవేటువాళ్ల చేతిలో పెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. ఆడేవాడు మనిషికి గంటకు 120 రూపాయలు కట్టాలి. ఆ జాబితాలో వ్యాసర్పాడి కూడా ఉంది. లెక్క వేద్దాం. రెండు జట్లకు 22 మంది, గంటకు 2,640. మ్యాచ్ 90 నిమిషాలు, అంటే 3,960. హాఫ్‌టైమ్‌లో నిమ్మచెక్క చప్పరించే పావుగంటకు మీటర్ ఆగదు కాబట్టి 4,620. ఎక్స్‌ట్రా టైమ్ వచ్చిందంటే ఏ తండ్రో అప్పు పత్రం రాయాలి. అమెరికాలో ఆడినందుకు ఇస్తున్నారు, ఇక్కడ ఆడినందుకు పుచ్చుకుందామనుకున్నారు. తేడా అంతే, సూత్రం ఒకటే: పిల్లాడి కాళ్లలో డబ్బుందని రెండు దేశాలూ కనిపెట్టాయి.

గొడవ లేచింది. పార్టీలు, ఆటగాళ్లు, తల్లిదండ్రులు అందరూ అరిచేసరికి తీర్మానం వెంటనే వెనక్కి పోయింది. ఆ కాస్త వ్యవధిలోనే గ్రౌండులో పిల్లలు దాన్ని క్షుణ్ణంగా చర్చించారు. కార్పొరేషన్ కౌన్సిల్‌లో కూడా అంత లోతుగా చర్చ జరిగి ఉండదు. బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్ కట్టాలా? రిఫరీ కట్టాలా? రెడ్ కార్డు పడి బయటికెళ్లినవాడికి మిగతా డబ్బు తిరిగిస్తారా? పదేళ్లవాడు ఒకడు, మోకాళ్లకు మట్టి, నా చొక్కా పట్టుకుని అడిగాడు:

"అన్నా, గోల్‌కీపర్‌కి సగం టికెట్టే కదా? నేను పరిగెత్తనే పరిగెత్తను."