చాపకూడు పాస్‌వర్డు

పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు. అది అన్నం సంగతి. నరసరావుపేట పక్కన ఒక పత్తి జిన్నింగు మిల్లువారు ఆ ఆదర్శాన్ని కంప్యూటరు దాకా తీసుకెళ్ళారు. మిల్లు మొత్తానికీ ఒకటే పాస్‌వర్డు. ఓనరు గారి బామ్మర్ది, పెద్దల్లుడు, కాటా దగ్గర కుర్రాడు, లోడింగు చూసే మేస్త్రి, ఎప్పుడన్నా ఊసుపోక వచ్చి కూర్చునే పక్క మిల్లాయన, అందరూ ఆ చాప మీదే. పాస్‌వర్డు దాచేదేమీ లేదు. కొండ మీది దేవుడి పేరు, దాని వెనకాల ఒకటి రెండు మూడు. మానిటరు అంచున కాయితం మీద రాసి అంటించారు. దేవుడి పేరు గనక దానికి పసుపు బొట్టు కూడా పెట్టారు.

పోయిన సీజన్లో బోరేల్లో వచ్చిన పత్తికీ, బేళ్ళుగానూ గింజలుగానూ బయటికెళ్ళిన సరుకుకీ లెక్క కుదర్లేదు. మామూలుగా అయితే ఇలాంటివన్నీ తరుగు ఖాతాలో సర్దుకుపోతాయి. ఈసారి తరుగే సిగ్గుపడేంత తేడా వచ్చింది. ఆడిటరు గారు కళ్ళజోడు తీసి, ‘ఎవరి పనికి తగ్గట్టు వాళ్ళకి అధికారాలు పంచండి’ అన్నారు. గుంటూరు నుంచి సాఫ్ట్‌వేరు కుర్రాణ్ణి పిలిపించారు.

‘‘సార్, మిల్లులో ఎవరు ఏం చేస్తారో చెప్పండి, రాసుకుంటా.’’

‘‘రాసుకో. ఈయన మా బామ్మర్ది.’’

‘‘అది చుట్టరికం సార్. పనేంటి?’’

‘‘బామ్మర్దికి పనేందయ్యా? అన్నీ చూసుకుంటాడు.’’

‘‘అల్లుడు గారు?’’

‘‘ఆయన్ని పట్టుకుని నువ్విది చూడమాకంటే మా అమ్మాయి ఊరుకుంటదా? అన్నీ ఇచ్చెయ్.’’

‘‘కాటా కుర్రాడికి బరువు ఎక్కించడం ఒక్కటే చాలు కదా సార్?’’

‘‘వాడు మా ఊరోడు. చిన్నబుచ్చుకుంటాడు.’’

‘‘మరి గుమస్తా గారు?’’

ఇక్కడ ఓనరు గారు గొంతు తగ్గించారు. ‘‘ఆయనకి మాత్రం కొంచెం చూసి ఇయ్యి. ఎంతైనా బయటోడు.’’

మిల్లులో చిట్టా, ఆవర్జా రెండూ చదవగలిగినవాడు ఆ బయటోడొక్కడే. చుట్టరికం లేకపోవడమే ఆయన అనర్హత.

పనిని బట్టి అధికారాలు పంచే ఈ పాత్రల పద్ధతిని పుస్తకానికెక్కించినవాళ్ళు అమెరికావాళ్ళు. 1992లో అక్కడి ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో పనిచేసే డేవిడ్ ఫెరాయొలో, రిచర్డ్ కూన్ ఒక పత్రం రాశారు. అధికారాలు మనిషికి కట్టకుండా పాత్రకి కట్టాలి, మనిషి ఆ పాత్రలో ఉన్నంతసేపే వాటిని వాడుకోవాలి అన్నది అందులో సారం. ఇది మనకి కొత్తేమీ కాదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా పుట్టి నరసరావుపేటలో కలెక్టరు కుర్చీ పడింది. ఆ కుర్చీలోంచి ఒకాయన బదిలీ అయితే, బాధ్యతలు అప్పగించిన మరుక్షణం నుంచి ఆయన సంతకం ఉత్త గీత. ప్రభుత్వాఫీసులో ఇంత చక్కగా అర్థమైన సూత్రం మిల్లు గేటు దగ్గర చెప్పులతో పాటు బయటే ఉండిపోయింది.

సాఫ్ట్‌వేరువాళ్ళు తమ పని తాము చేశారు. ట్యాలీలోనే తీసుకోండి. ఓనర్, డేటా ఎంట్రీ అని రెండు పాత్రలు ముందే ఉంటాయి. కావాలంటే కాటాకి ఒకటి, క్యాషుకి ఒకటి మనమే తయారుచేసుకోవచ్చు. వెనక తేదీ వేసి ఓచరు రాయడానికి ఎన్ని రోజుల వెసులుబాటు ఇవ్వాలో అంకె వేసే గడి కూడా ఉంది. కుర్రాడు ఆ గడి చూపించగానే బామ్మర్ది గారు ‘‘దాన్ని ఖాళీగా వదిలెయ్ బాబూ, అవసరాలుంటయ్’’ అన్నారు. ఆ అవసరాలేవో ఎవరూ అడగలేదు. బావా బామ్మర్దుల మధ్య అడిగే ప్రశ్న కాదది.

గడువు తీరినా అధికారం వెనక్కి తీసుకోకపోతే ఏమవుతుందో పల్నాడుకి ఒకరు చెప్పాలా? గురజాల నలగామరాజు నాగమ్మకి ఏడు ఘడియల మంత్రిత్వం ఇచ్చాడని వీరగాథ చెబుతుంది. ఏడు ఘడియలంటే 2 గంటల 48 నిమిషాలు. ఆ పెత్తనం కారంపూడి రణరంగం దాకా నడిచింది. నాగమ్మ సమర్థురాలు కాదని శత్రువులు కూడా అనలేదు. ఇచ్చిన తాళం ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో ఆలోచించనిది ఇచ్చినాయన. మన మిల్లులో రెండేళ్ళ కిందట మానేసిన పాత అకౌంటెంటుకి తెలిసిన పాస్‌వర్డు ఇప్పటికీ బతికే ఉంది. మార్చేద్దామా అని కుర్రాడడిగితే, ‘‘పాపం, మంచోడయ్యా’’ అన్నారు ఓనరు గారు.

పల్లెటూరి మిల్లుల్లో ఇంతేలే అనుకునే పట్నంవాళ్ళు హైదరాబాదు వైపు తిరగండి. ప్రపంచానికి సాఫ్ట్‌వేరు రాసి అమ్మిన సత్యం కంప్యూటర్స్ బండారం 2009 జనవరి 7న బయటపడింది. అక్కడ పాత్రలు, లాగిన్లు లేకపోలేదు. వాటన్నిటికీ పైన ‘సూపర్ యూజర్’ అని ఒకటుంది. దాని ఆసరాతో 7,561 దొంగ ఇన్వాయిసుల్ని మిగతా ఉద్యోగుల కంట పడకుండా దాచారని దర్యాప్తులో తేలింది. 2015 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా నిర్ధారించింది. కిందివాళ్ళకి ఎన్ని తాళాలు వేసినా, పైవాడికి ఒక్కటీ లేకపోతే కష్టపడి వేసిన తాళాలన్నీ వాడికే కాపలా కాస్తాయి.

అలాగని మనవాళ్ళు ఎక్కడా బిగించరనుకోకండి. బిగించకూడని చోట బ్రహ్మాండంగా బిగిస్తారు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే లారీకి ఈ-వే బిల్లు ఉండాలి. ఆ పోర్టల్లో సబ్ యూజర్లని పెట్టుకోవచ్చు. ఎవరి ఫోనుకి వాళ్ళ ఓటీపీ వస్తుంది. మన మిల్లులో మాత్రం ఓటీపీ ఓనరు గారి ఫోనుకొక్కదానికే. ఆయన మాచర్లలో పెళ్ళి పంక్తిలో కూర్చున్నారంటే, గేటు దగ్గర బేళ్ళ లారీ ఆయన పెరుగన్నం దాకా ఆగాల్సిందే. డబ్బు పెట్టె ఊరందరికీ, లారీ కాయితం ఒక్కరికీ.

పత్తి మిల్లుకి నిజానికి కావాల్సింది చాలా కొంచెం. తూకం వేసినవాడు రేటు కట్టకూడదు. రేటు కట్టినవాడు డబ్బివ్వకూడదు. ఇచ్చినవాడు ఆ ఓచరు దిద్దకూడదు. ఇందులో ఎవరి మీదా అనుమానం లేదు. రేపు తేడా వచ్చినప్పుడు ముగ్గుర్నీ అనుమానించే పని తప్పుతుంది, అంతే. కుర్రాడు ఇదే చెప్పబోయాడు. ‘‘మా వాళ్ళ మీద నమ్మకం లేదంటావా?’’ అన్నారు ఓనరు గారు. నమ్మకం మాటెత్తాక గుంటూరు బస్సెక్కడం తప్ప కుర్రాడికి దారి లేదు. వెళ్ళే ముందు అడిగినట్టే పెట్టి వెళ్ళాడు: గుమస్తాకి డేటా ఎంట్రీ, మిగతా అందరికీ కలిపి ఓనరు లాగిన్.

కంపెనీలైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఖాతాల్లో ప్రతి దిద్దుబాటునీ తేదీతో సహా నమోదు చేసే, ఆపడానికి వీల్లేని ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి. మన మిల్లు భాగస్వామ్య సంస్థ కాబట్టి ఆ నిబంధన తగలదు. అయినా ఆడిటరు గారి పోరు పడలేక లాగ్ పెట్టించారు. ఏడాది తిరిగాక ఆయన దాన్ని తెరిచి చదవడం మొదలుపెట్టారు. దిద్దిన ఓచరు ప్రతిదాని పక్కనా ‘ఓనర్’ అనే ఉంది. అర్ధరాత్రి క్యాషు చెల్లించిందీ ఓనరే, తెల్లారుజామున తరుగు పెంచిందీ ఓనరే. కూతురి సీమంతం రోజున, ముహూర్తం వేళకి సరిగ్గా, ఆర్నెల్ల కిందటి తేదీ వేసి కూలీల ఖర్చు రాసిందీ ఓనరే.

‘‘నాకు ఆ మిషను ఆన్ చెయ్యడం కూడా రాదయ్యా!’’ అన్నారు ఓనరు గారు. అబద్ధం కాదు. బామ్మర్ది గారు, అల్లుడు గారు కూడా ఆ మాటకి గట్టిగా సాక్ష్యం పలికారు.

లాగ్ ప్రకారం మాత్రం ఏడాది పొడుగునా ఆ మిల్లులో అందరికన్నా ఎక్కువ కష్టపడింది ఆయనే. ఓవర్‌టైము కూడా లాగ్ చూసే కడతారట. ఆ ఓచరు రాయడానికి బామ్మర్ది గారు అప్పుడే ‘ఓనర్’గా లాగిన్ అయ్యారు.