డూడూ బసవన్న

సంక్రాంతికి వచ్చే గంగిరెద్దుకి ఓ పద్ధతుంది. ముందు సన్నాయి ఊదాలి, తర్వాత 'అయ్యగారికి దండం పెట్టు' అనాలి. అప్పుడుగానీ తల ఊపదు. మా ఎమ్మెల్యేగారి వెంట తిరిగే పెద్దమనిషికి అవేవీ అక్కర్లేదు. ఆయన నోరు తెరిస్తే చాలు, 'నిజమే అన్నా' అనేస్తాడు. ఓసారి ఆవులింతకీ అన్నాడు.

పొద్దున్న ఆరింటికల్లా ఆ గుమ్మంలో ఉంటాడు. ఎమ్మెల్యేగారి చెప్పుల మొనలు వీధివైపుకి తిప్పి పెట్టడంతో దినచర్య మొదలు. ఆయన జోకుకి నవ్వడం ఇంకా పెద్ద విద్య. ముందే నవ్వితే ప్రమాదం, ఆలస్యమైతే మరీ ప్రమాదం. చివరి మాట పడుతుండగా అందుకుని, ఆయన ఆపాక కూడా కాస్సేపు నవ్వుతాడు. కళ్లు తుడుచుకోవడం మాత్రం కొత్తవాళ్లెవరైనా ఉంటేనే.

అసలు పాండిత్యం పుట్టినరోజు ఫ్లెక్సీలో బయటపడుతుంది. పైన ముఖ్యమంత్రి, మధ్యలో నిలువెత్తు ఎమ్మెల్యే, కింద వరసగా అనుచరుల బొమ్మలు. తనది మోచేతి పక్కనే పడాలని ప్రింటింగ్ షాపు కుర్రాణ్ణి అర్ధరాత్రి దాకా నిద్రపోనివ్వడు. "మరీ పెద్దది చెయ్యకు బాబూ, అన్న చూస్తే బాగోదు. పక్కవాడికన్నా అరంగుళం చాలు."

ఏడో నిజాం కాలంలో పుట్టాల్సినవాడు. ఆ దర్బారులో అమీర్లు తలకి దస్తార్, నడుముకి బగ్లూస్ పెట్టుకుని వంగి నజరానా ఇచ్చుకునేవారు. 1948తో ఆ వైభోగం పోయింది. ఇప్పుడు శాలువా, బొకే, మరీ ముచ్చటైతే క్రేనుతో గజమాల.

ఇంట్లో మాత్రం ఎవరైనా ఎదురుచెప్తే కంచం ఎగురుతుంది.

ఎమ్మెల్యేగారు పార్టీ మారిన రోజు ఈయన్ని చూడాలి. పొద్దున తిట్టిన నాయకుడి ఫొటోకి సాయంత్రం పాలాభిషేకం. పాల ప్యాకెట్లు పాత పార్టీ ఖాతాలోనే రాయించాడని వినికిడి.

మొన్న టీ కొట్టులో టీవీ చూస్తున్నాం. ముఖ్యమంత్రిగారి పక్కన మా ఎమ్మెల్యే చేతులు కట్టుకుని తల ఊపుతున్నారు. మనవాడు రెప్ప వెయ్యకుండా చూసి పెదవి విరిచాడు.

"అన్నకింకా పట్టుబడలేదండీ. అక్కడ రెండుసార్లు ఊపకూడదు, ఒక్కసారి చాలు. చేతులు కూడా ఇంకాస్త కిందికుండాలి."

టీ గ్లాసు బల్లమీద పెట్టి, లేచి, మాకందరికీ చేసి చూపించాడు.