క్రిమిసంహార సూత్రమునకు లఘుటీక

మూలము: "నోటిలోని క్రిములను 99.9 శాతము సంహరించును."

అవతారిక. భద్రాచలము బ్రిడ్జి సెంటరునందు, గోదావరి దాటివచ్చు భక్తజనమునకు గుడిగోపురముకంటె ముందుగా దర్శనమిచ్చునట్లు కట్టిన యొక ఫ్లెక్సీమీద, నీలిద్రవము నిండిన సీసాను ధరించి నవ్వుచున్న యువకుని చిత్రము క్రింద, పై వాక్యము మూరెడేసి యక్షరములతో వెలసియున్నది. కర్త యెవరో తెలియరాదు గనుక దీనిని వేదమువలె నపౌరుషేయముగా భావించి వ్యాఖ్యానమునకు పూనుకొనుచున్నాను. కోలాచలము మల్లినాథసూరి మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతినబూని కాళిదాసును వ్యాఖ్యానించెను. ఆ మహానుభావునకు కాళిదాసు దొరకెను గనుక ప్రతిన చెల్లినది. నాకు దొరకినది ఫ్లెక్సీ.

ప్రతిపదార్థము. 'నోటిలోని' సుగమము. 'శాతము' సుగమము. '99.9' అనునది మాత్రము విచార్యము. ఆరోగ్యవంతుని లాలాజలమున ఒక్క మిల్లీలీటరునందు సుమారు పది కోట్ల బాక్టీరియా లుండును. అందు 99.9 శాతము హతమైనను లక్ష మిగులును. ఒకటి రెండుగా చీలుటయే వాని వంశవృద్ధిమార్గము గనుక, పదిమార్లు చీలినంతనే ఆ లక్ష మరల పది కోట్లగును. పరశురాముడు ఇరువదియొక్క మాఱులు క్షత్రియులపై దండెత్తవలసివచ్చిన కారణము ఈ గణితమువలన తేటపడుచున్నది. ఆ మిగిలిన 0.1 శాతమును కర్త పొరపాటున విడిచినాడని యెవ్వరును తలంపరాదు. శత్రుశేషము లేనిచో రెండవ సీసా యెట్లమ్ముడు పోవును?

'క్రిములను' అనుచోట, ఎవరా క్రిములు అని యాకాంక్ష. మానవుల నోళ్ళలో సుమారు ఏడువందల జాతుల బాక్టీరియాలను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. పెక్కు జాతులకు నోరే స్వగ్రామము. కాని కొన్ని వంశములు మొదట తెలియవచ్చినది మన్నునందును, నీటియందును. టీఎం7 అను గుర్తుగల వంశము 1990ల నడుమ జర్మనీదేశమున, నాచు కుళ్ళి పేరుకొనిన పీటు నేలలో, జన్యుచిహ్నములవలన మాత్రమే బయటపడినది. ఎస్‌ఆర్1 అనునది అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున నొక గుహలో పాఱు గంధకపు వాగునందు దొరకినది. జీఎన్02 అనునది మెక్సికోలోని ఉప్పుమడులలో. పిదప వెదకగా ఈ మూడు వంశముల బంధువులును, ఏ రోగమును లేక హాయిగా పకోడీలు నములుచున్న జనుల నోళ్ళలో సుఖాసీనులై కనబడిరి. వేడినీటి బుగ్గలవలన ప్రసిద్ధికెక్కిన క్లోరోఫ్లెక్సీ వంశమునకును నోటిలో నొక శాఖ కలదు. భద్రాచలమునకు చేరువనున్న గుండాలకు పోయి, ఏటియొడ్డున ఇసుక త్రవ్వగా వేడినీరూరుట చూచి చేతులెత్తి మ్రొక్కు యాత్రికుడు, బుగ్గలనెఱిగిన యీ వంశపు దాయాదులను తన చిగుళ్ళసందున మోసికొనియే వచ్చెనని యెఱుగడు.

వీరిలో టీఎం7 వారి సంసారము విచిత్రము. 2015లో అమెరికా పరిశోధకులు వీరిలో నొకనిని ఎట్టకేలకు ప్రయోగశాలలో పెంచి చూడగా, మిల్లీమీటరులో నాలుగువేలవ వంతు ప్రమాణముగల యీ జీవి స్వతంత్రముగ బ్రతుకనేరక, మామిడికొమ్మమీది బదనికవలె, వేఱొక బాక్టీరియా యొంటి నంటిపెట్టుకొని యుండెను. అనగా నోటిలో మనమీద బ్రతుకువారిమీద బ్రతుకువారును కలరన్నమాట. ప్రభుత్వకార్యాలయములకు తిరిగిన పాఠకులకు ఇది విడమఱచి చెప్పనక్కఱలేదు.

విశేషము. ఇచట ఎంగిలి ప్రసక్తి యనివార్యము. గోదావరి యొడ్డున నిలిచి శబరిని తలంపకుండుట అపచారము గదా. ఒడిశా కొండలలో బుట్టిన శబరీనది భద్రాచలమునకు దిగువ కూనవరమువద్ద గోదావరిలో కలియును. (2014 పిమ్మట ఆ సంగమము ఆంధ్రప్రదేశమునకు పోయినది, నదు లా సంగతి పట్టించుకొనలేదు.) ఎగువన పర్ణశాల, దిగువన శబరి, నడుమ నివసించు జనమునకు శబరి యెంగిలిపండ్లు చరిత్రయే గాని కథ గాదు. అయినను వాల్మీకి అరణ్యకాండమున, మతంగాశ్రమవాసినియగు శబరి పంపాతీరమున దొరకు వన్యములను రామునికై కూర్చియుంచెనని యున్నదే గాని, కొఱికి రుచిచూచిన మాట లేదు. కొఱికించినవారు తరువాతి భక్తులు. ఈ విషయమున ఆదికవికంటె ఆ భక్తులే లోతెఱిగినవారని నా నిర్ణయము. ఏలయన, అడవిపండును కడిగి దోసిట పెట్టినచో అది యాతిథ్యము మాత్రమే. కొఱికి పెట్టినచో ఆ యడవి మన్నును, ఆ వాగునీరును, ఆ చెట్టు బెరడును, వానియందలి సమస్తజీవకోటియు ఆమె నోటిమీదుగా రాజకుమారుని నోటికి చేరును. రామునకు అరణ్యవాసము పదమూడేండ్లకు గాని పూర్తిగా పట్టుబడలేదన్నమాట! ఫ్లెక్సీకర్త ఆనాడు పంపాతీరమున నుండినచో, పండు నోట పెట్టకముందే స్వామికి సీసా యందించియుండును. మనకొక భక్తికథ తగ్గియుండును.

ధర్మశాస్త్రమైనను ఇంత కఠినము గాదు. మేనిపై బడని నోటితుంపరలును, నోటిలోనికి బోయిన మీసపు వెండ్రుకలును, పండ్లసందున నిలిచిపోయినదియు ఎంగిలి చేయజాలవని మనుస్మృతి యైదవ యధ్యాయము మినహాయింపు నిచ్చుచున్నది. మనుష్యులలోనే యెందఱిపైనో దయచూపని యా స్మృతికర్తకు, దంతాంతరములందున్నదానిపై జాలి కలిగినది. ఇక సుశ్రుతుడు దంతకాష్ఠము పన్నెండంగుళముల నిడివియు, చిటికెనవ్రేలంత లావును కలిగియుండవలెననియు, చేదున వేప, వగరున చండ్ర, తీపిన ఇప్ప, కారమున కానుగ మేలనియు చెప్పెను. నాలుగును మన యేజెన్సీ యడవులలో పైసా లేక దొరకును. ఫలమేమనగా: దుర్వాసన పోవును, పాచి పోవును, అన్నమున రుచి పుట్టును, మనసు ప్రసన్నమగును. ఇంతే. శాతములు లేవు, సంహారము లేదు. హాలండులో బట్టలవర్తకుడైన లీవెన్‌హుక్, 1683లో తన పండ్లపాచిని గీకి తాను చేసికొన్న భూతద్దముక్రింద చూచి, నా నోటిలో నున్నంతమంది ప్రాణులు మా దేశమున జనులు లేరని లండను రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. ఆయన ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొనువాడు. ద్రాక్షసారపు పులుసును ప్రయోగించి, అది పాచి పైపొరవారిని చంపినదే గాని లోపలివారిని తాకలేదనియు గుర్తించెను. మూడువందల యేండ్లకు పూర్వమే పరీక్షింపబడిన సీసా యిది.

మఱచితిని, మనది ఫ్లెక్సీ.

'సంహరించును': ఎవరిని సంహరించుననుటలో వివక్ష లేదు గనుక ఆత్మీయులును హతులగుదురని భావము. తోటకూరవంటి ఆకుకూరలలోని నైట్రేటును నైట్రైటుగా మార్చు బాక్టీరియాలు మన నాలుకమీద కలవు. దానినుండి పుట్టు నైట్రిక్ ఆక్సైడు రక్తనాళములను సడలించి రక్తపోటును అదుపున నుంచుటకు తోడ్పడును. లండను పరిశోధకులు 19 మంది ఆరోగ్యవంతులచేత ఏడుదినములు క్లోర్‌హెక్సిడిన్ ద్రవముతో పుక్కిలింపజేయగా వారి రక్తపోటు 2 నుండి 3 మిల్లీమీటర్లు పెరిగినదని 2013లో ప్రకటించిరి. చిగుళ్ళ జబ్బునకు వైద్యుడు కొన్నాళ్ళు వాడుమన్నచో ఆ ద్రవము మందే, కాదనను. నిత్యకృత్యముగా, భయముచేత, జీవితాంతము వాడుమనుటపై నా యాక్షేపము.

మఱియొక యాక్షేపము కలదు. దీనిని పరిహాసముగా చెప్పజాలను. పన్ను పుచ్చుటకు హేతువు పీటునేల బంధువులు గారు. చక్కెరను తిని ఆమ్లమును విడుచు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి కొన్ని జాతులును, వానికి దినమంతయు చక్కెర నందించు మన తిండియును. పంటిచుట్టు పీహెచ్ 5.5కు దిగినచో ఎనామిలు కరగ మొదలిడును. సంతలో ఏ దుకాణపు చూరునుండి రూపాయి చక్కెరబిళ్ళల పొట్లములు వ్రేలాడునో, గుట్కా సరములు వ్రేలాడునో, ఆ చూరుననే యీ సంహారద్రవము పొట్లములును వ్రేలాడును. వాగు చెలమ నీరు త్రాగి, వేపపుల్లతో పండ్లు తోముకొను కోయపిల్లవానికి, నీ నోరు మురికియని బోధించు బోర్డులు అడవిలోనికి వచ్చినవి. ఆ పిల్లవానికి పన్ను సలిపినచో మాత్రము, తండ్రి ఒకనాటి కూలి వదలుకొని, వానిని బస్సెక్కించుకొని పట్టణమునకు పోవలెను. పుచ్చు చిన్నదిగా నున్నప్పుడు ఎవరును ఆ ప్రయాణము చేయరు; చేయునాటికి పీకుట తప్ప మార్గముండదు.

తాత్పర్యము. నోటిలో లోకమున్నది, అది లోకమునుండియే వచ్చినది, దానిని చంపి గెలిచినవాడు లేడు. పుల్లతోనో, బ్రష్షుతోనో తోమి, తీపి తగ్గించి, పొగాకు మాని దానితో పొత్తు కుదుర్చుకొనవచ్చును. ఫ్లెక్సీ కట్టించిన అయ్యలారా, ఆ గుడ్డకును, ఆ యువకుని నవ్వునకును అయిన ఖర్చుతో, చర్ల సంతకొకమారు, దుమ్ముగూడెము సంతకొకమారు ఒక దంతవైద్యుని పంపుడు. ఆ మిగిలిన 0.1 శాతము సంగతి మేము చూచుకొందుము.