మా ఇంటి పడక సీను

కురుక్షేత్రంలో నష్టపోయినవాళ్ల జాబితా వ్యాసులవారు వివరంగానే రాసిపెట్టారు. అందులో నా పేరు లేదు. ఆ లోపం సరిదిద్దడానికే ఈ నాలుగు ముక్కలూ.

అమలాపురానికి కూతవేటు దూరం మాది. సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థానికి పద్యనాటకం పడకపోతే మా ఊళ్లో షష్ఠి జరిగినట్టు కాదు. ఇదివరకు డబ్బిచ్చి సమాజాలను రప్పించేవారు. ఈసారి "మన కుర్రాళ్లే ఆడతారు" అన్నారు. కుర్రాళ్లంటే యాభై దాటినవాళ్లు. నాటకం 'శ్రీకృష్ణ రాయబారం'. కృష్ణుడు మా బావమరిది. రిహార్సల్సు మా అరుగు మీద. వీధిలో ఇన్వర్టరున్న అరుగు మాదొక్కటేనట. అనుమతి నన్నడగలేదు, మా ఆవిణ్ణి అడిగారు. రాజ్యం ఎవరి చేతిలో ఉందో తెలిసిన రాయబారులు!

ఈ రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల మీద నాకు కోపం లేదని ముందే మనవి చేస్తున్నాను. ఆ జంటలో చెళ్లపిళ్లవారు పుట్టిన కడియం మాకు గోదావరి అవతలే. 1949లో ఆస్థానకవి అయిన పెద్దమనిషి. జంటగా కూర్చుని పాండవుల కథను ఆరు నాటకాలుగా రాశారు. పొలంలో నీళ్లు కట్టేవాడి నోట కూడా పద్యం పలికించారు. కానీ పద్యానికి నాలుగు పాదాలే రాశారు. ఆ నాలుగో పాదం చివరి అచ్చు పట్టుకుని, హార్మోనిస్టు అండ చూసుకుని, ఊపిరి ఆడినంతసేపూ వేలాడమని ఎక్కడా రాయలేదు. అసలు ఫిర్యాదంటూ ఇవ్వాలంటే బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి మీద ఇవ్వాలి. 1886లో 'చిత్రనళీయం' రాసి, తెలుగు నాటకానికి పాటా పద్యం అలవాటు చేసింది ఆయనే. లోకం ఆయన్ని ఆంధ్రనాటక పితామహుడంది. ఆయన ఇంటిపక్క కాపురం చేసినవాళ్లు ఏమన్నారో ఎవరూ రాసినట్టు లేదు.

నటవర్గం సంగతి. దుర్యోధనుడికి రొయ్యల చెరువులున్నాయి. అర్జునుడిది కొబ్బరి వ్యాపారం, దింపు రోజుల్లో రిహార్సల్‌కి రాడు. ధర్మరాజు కిందటి సంక్రాంతికి కోడిపందేల బరిలో చేతిలో ఉన్నదంతా పోగొట్టుకుని వచ్చాడు కాబట్టి ఆ వేషానికి పోటీ లేకపోయింది. కృష్ణులు ఇద్దరు. పడక సీనుకి ఒకరు, సభ సీనుకి ఒకరు. ఇది మనవాళ్ల పాత ఆనవాయితీయే, హరిశ్చంద్రుణ్ణయినా కాటి సీను దగ్గర మార్చేస్తారు. రెండో కృష్ణుడు వైనతేయ దాటి రాజోలు వైపు నుంచి వచ్చేవాడు. ఆయన జెండా పద్యం ఎత్తుకోగానే మా బావమరిది లేచి మంచినీళ్లకని లోపలికి వచ్చేసేవాడు. దాయాదుల పగ అంటే ఏమిటో భారతం చదివితే నాకు తెలీలేదు, ఈ ఇద్దరు కృష్ణులని చూశాకే తెలిసింది.

రాత్రి పదకొండుకు "ఇక చాలునయ్యా" అంటే మా బావమరిది దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ప్రకాశం పంతులుగారంతటివారే రాజమండ్రిలో ఆడవేషం కట్టారండి బావగారూ!" కట్టారు, కాదనను. చిలకమర్తివారి నాటకంలో అర్జునుడూ వేశారు. ఆ తరవాత బారిష్టరీ చదివారు, 1953లో ముఖ్యమంత్రి అయ్యారు. మావాడు వేషం దగ్గరే ఆగాడు. (అర్జునుడు రెండో పాదం మింగేసినప్పుడల్లా లోపల్నుంచి అందించింది నేనే. అది వేరే సంగతి.)

ఇంతవరకూ ఓర్చుకున్నాను. అప్పుడు మంచం అడిగారు.

పడక సీను మీకు తెలియంది కాదు. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు, అర్జునుడు వెనకొచ్చి కాళ్లవైపు కూర్చుంటారు. స్వామిది దొంగనిద్ర. ఆ దొంగనిద్రకి మా పెళ్లినాటి టేకు పందిరిమంచమే కావాలట. నేను నోరు తెరిచేలోపే "మా నాన్న ఇచ్చిందే కదండి, ఆయ్!" అన్నాడు. మంచం ట్రాక్టరెక్కి వెళ్లిపోయింది. వెనకాలే పరుపు, రెండు తలగడలు, మా అమ్మ కాశీ నుంచి తెచ్చుకున్న శాలువా. పెడెస్టల్ ఫ్యాను జాలీ ఏదని వెతికితే అది అప్పటికే సుదర్శన చక్రమై బంగారురంగు పూయించుకుంటోంది. నిద్ర నటించేవాడు పరుపు మీద, నిద్ర రావలసినవాణ్ణి చాప మీద.

నాటకంనాటి రాత్రి దుర్యోధనుడు వచ్చి ఆసనం చాలదని ఏకంగా మంచం మీదే కూలబడ్డాడు. తలవైపు పట్టె చిట్లిన చప్పుడు మైకులో ఊరంతా విన్నది. దాని మీద ఆయన రాగం అందుకున్నాడు. మధ్యలో చదివింపులు. ఫలానావారు దుర్యోధన పాత్రధారికి నూటపదహార్లు, వారి బావగారు మరో నూటపదహార్లు. పేర్లన్నీ అయ్యాక అర్జునుడు వచ్చి ఆయన రాగం ఆయనా తీశాడు. ఆఖరికి కృష్ణుడు కళ్లు విప్పి బావ పద్యం అందుకోవాలి. కళ్లు విప్పలేదు. నెలల తరబడి దొంగనిద్ర సాధన చేసినవాడు మా పరుపు గుణం వల్ల నిజంగానే నిద్రపోయాడు. గురక చొక్కా మైకులో పడింది. జనం ఒన్స్ మోర్ కొట్టారు. ఆ రాత్రి ఒన్స్ మోర్ దక్కింది దానికొక్కదానికే.

రెండో కృష్ణుడు సభకొచ్చేసరికి తెల్లవారుజాము మూడయింది. మంచులో శాలువాలు కప్పుకున్న ముసలివాళ్లూ నేనూ మిగిలాం. నేను మంచం కోసం మిగిలాను. సంధి కుదరదని అందరికీ తెలుసు, అయినా కౌరవులకి పూసగుచ్చినట్టు చెప్పాడాయన. బాగా పాడాడు, అబద్ధమెందుకు.

మంచం తిరిగొచ్చింది, పట్టె లేకుండా. తలగడ గలీబు మీద భగవంతుడి ఎడమచెంప నీలంరంగులో అచ్చుపడి ఉంది. సోడాలో ఉడకబెట్టినా పోలేదు. పారేద్దామంటే "కృష్ణుడండీ, తప్పు" అంటుంది మా ఆవిడ.

వచ్చే షష్ఠికి చిలకమర్తివారి 'గయోపాఖ్యానం' అని కమిటీ తీర్మానించిందట. సంతోషం. ఆ కథంతా గయుడనే గంధర్వుడు ఆకాశాన పోతూ ఉమ్మితే అది కృష్ణుడి దోసిట్లో పడటం వల్ల నడుస్తుంది. గయుడి వేషానికి కిళ్లీకొట్టు ఆయన్ని అనుకుంటున్నారు. కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఆ సీను రిహార్సల్ మాత్రం మా అరుగు మీద వద్దండి.