హస్తప్రక్షాళన దీక్షాపరుడు

2020లో కరోనా భయంతో మొదలుపెట్టిన దీక్షను, కరోనా సద్దుమణిగిన తరువాత కూడా విరమించని గృహస్థుడు తెలుగు పట్టణాలలో అపార్ట్‌మెంటుకు ఒక్కరైనా కనబడతాడు. ఇతడు లిఫ్టు మీటను మోచేత్తో నొక్కుతాడు, పాల ప్యాకెట్టుకు పంపు కింద స్నానం చేయిస్తాడు, కూరగాయల బండి దగ్గర చిల్లర అందుకున్న మరుక్షణం చొక్కా జేబులోని శానిటైజర్ సీసా తీస్తాడు. మడి కట్టుకున్న నాయనమ్మ పిల్లలకు దూరంగా ఒదిగి ఒదిగి నడిచేదని నవ్వుకునే ఇతడు, ఆవిడ నిష్ఠ తనకే సంక్రమించిందని ఎన్నడూ గుర్తించడు. ఆవిడ మడి వంట ముగిసేదాకానే, ఇతనిది మాత్రం పడుకునేదాకా.

1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి వైద్యుల చేత క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించి బాలింతల మరణాలను బాగా తగ్గించిన సంగతి ఇతనికి కంఠతా వచ్చు. అయితే ఆ మహానుభావుడు చేతులు కడుక్కోమన్నది రోగిని ముట్టుకునే ముందే గాని, టీవీ రిమోట్‌ను ముట్టుకునే ముందు కాదు.

ఇతడు కడిగి కడిగి పోగొట్టుకునేది చర్మపు బయటి పొరను. ఆ పొరలో మృతకణాలు ఇటుకల వలె పేరుకుని ఉండగా, సెరమైడ్లు మొదలైన కొవ్వు పదార్థాలు వాటి నడుమ సున్నం వలె నిండి, లోపలి తేమను బయటికి పోనీయక, బయటి క్రిములను లోపలికి రానీయక కాపాడుతాయి. ఆమ్ల, క్షార గుణాలను తెలిపే పీహెచ్ కొలమానంలో చర్మం 5కు అటూ ఇటూగా ఉంటే, మామూలు సబ్బు 9కీ 10కీ మధ్య ఉంటుంది; పైగా అది మురికితో పాటు ఆ కొవ్వును కూడా ఊడ్చుకుపోతుంది. నీళ్లు బాగా వేడిగా ఉంటే నష్టం మరింత పెరుగుతుంది. అప్పుడు చేతులు బిరుసెక్కి, ఎర్రబడి, కణుపుల దగ్గర పగులుతాయి. ఇలా కలిగే చర్మపు వాపును వైద్యులు ఇరిటెంట్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు.

పెళ్లి భోజనంలో ఇతని పక్కన కూర్చున్నవారికి ఈ శాస్త్రమంతా కళ్లకు కడుతుంది. సబ్బుతో కడుక్కుని వచ్చిన తడి చేతుల మీదనే శానిటైజర్ పులుముకుని, ముద్దపప్పులో ఆవకాయ కలపగానే కారం పగుళ్లలోకి దిగి ఇతడు "అబ్బా" అంటాడు; పక్కవారు కంగారుపడితే, "క్రిములు చస్తున్నాయండీ, అందుకే ఈ మంట" అని వారికే ధైర్యం చెబుతాడు.

చేతులకు కంటికి కనబడే మురికి లేనప్పుడు, గ్లిజరిన్ కలిసిన శానిటైజర్ సాధారణంగా సబ్బుకన్నా చర్మానికి తక్కువ హాని చేస్తుంది. సబ్బూ శానిటైజరూ వెంటవెంటనే వాడటమే మంచిది కాదు. ఈ మాట చెప్పి, కడుక్కున్న ప్రతిసారీ తడి అద్దుకుని వాజలిన్ రాసుకొమ్మని వైద్యుడు చీటీ రాసి ఇస్తే, ఇతడు బుద్ధిగా రాసుకుంటాడు, చేతులు జిడ్డుగా ఉన్నాయనిపించి వెంటనే కడిగేసుకుంటాడు. పగిలిన చర్మం మీద స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియా ఆరోగ్యమైన చర్మం మీదకన్నా తేలికగా కాపురం పెడుతుంది కనుక, అపార్ట్‌మెంటు మొత్తంలో క్రిములకు అన్నివిధాలా అనుకూలమైన చేతులు ఇతనివే.