ఘనపురీయం: సైట్ల నిరోధ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఉత్పాదకతాభివృద్ధ్యర్థము అనావశ్యక జాలస్థలములు నిరోధింపబడినవి. ఆవశ్యకత గలవారు సంబంధిత నిర్వాహకుని ఆన్‌లైన్ ద్వారా సంప్రదించవలెను.

అవతారిక: స్టేషన్ ఘన్‌పూర్‌లో, పేరు చెప్పనక్కరలేని ఒక విద్యాసంస్థలో, కంప్యూటర్ ముందు కూర్చుని సైటు పేరు కొట్టినవాడికి పై సూత్రం తెల్లటి తెర మీద ఎర్రటి అక్షరాల్లో ప్రత్యక్షమవుతుంది. కర్త ఎవరో తెలియదు. హైదరాబాదులో ఉంటాడని ఐతిహ్యం. చూసినవాళ్లు లేరు. దసరా సెలవులకు ముందు ఈ సూత్రం లేదు, తెరిచేసరికి ఉంది. కాలనిర్ణయానికి ఇంతకు మించి ఆధారాలు దొరకలేదు.

ప్రతిపదార్థం: తేలిక. పిల్లలకిచ్చే గైడ్లలో చూసుకోవచ్చు.

అధికార విచారం: నిరోధించే హక్కు ఎవరిది? దేశం మొత్తానికి సైటు ఆపాలంటే సమాచార సాంకేతిక చట్టంలో 69ఏ సెక్షన్ ఉంది. 2008 సవరణతో వచ్చింది, 2009లో నియమాలు తోడయ్యాయి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసి 69ఏను మాత్రం నిలబెట్టింది. ఇందులో కారణం కాగితం మీద రాయాలి, కమిటీ చూడాలి, కాబట్టి పరవాలేదంది. మా సూత్రకారుడికి కాగితం లేదు, కమిటీ లేదు. దేశభద్రతకు ముప్పన్న సైటుకు దక్కే విచారణ ఘన్‌పూర్‌లో తెలుగు నిఘంటువుకు దక్కదు. ఆంధ్రభారతి నిఘంటు శోధన కొడితే మా తెర చెప్పే కారణం ‘వర్గీకరింపబడనిది’ అని. వర్గీకరించనివాడి తప్పు నిఘంటువు మీద పడింది.

పూర్వపక్షం: పిల్లలు ల్యాబులో రీల్స్ చూస్తారు, నెట్టు నెమ్మదిస్తుంది, పెన్‌డ్రైవులతో వచ్చే వైరస్‌లు చాలవన్నట్టు సైట్లతోనూ వస్తాయి. నిజమే. సమాధానం: రీల్స్ చూసేవాడు ల్యాబుకు రాడు. వాడి జేబులోనే ఫోనుంది.

ప్రక్రియ: పూర్వం హెచ్‌టీటీపీ సైటును ఆపితే పక్కన ఒక ‘ఎస్’ చేర్చి లోపలికి పోయేవాళ్లం. ఆ కృతయుగం గడిచింది. తర్వాత పేరును అంకెగా మార్చే డీఎన్ఎస్ దగ్గర ఆపడం మొదలైంది. దానికి విరుగుడుగా గూగుల్ 2009లో 8.8.8.8 అనే చతురష్టక మంత్రాన్ని, క్లౌడ్‌ఫ్లేర్ 2018 ఏప్రిల్ 1న 1.1.1.1 అనే ఏకాక్షరిని లోకానికిచ్చాయి. ల్యాబుల్లో తెలివైన పిల్లలు వీటిని గాయత్రి కన్నా ముందు నేర్చుకున్నారు. మా నిర్వాహకుడు ఆ మెట్టూ దాటేశాడు. ఇప్పటి ఫైర్‌వాల్ పెట్టె కవరు చింపదు, లోపలి ఉత్తరం చదవదు, కవరు మీది చిరునామా చూసి వెనక్కి పంపుతుంది. సంభాషణ గుప్తమే కానీ ఏ సైటుతో మాట్లాడబోతున్నామో మొదటి పలుకులో బయటికే చెప్పేస్తాం. అక్కడ పట్టుబడతాం.

ఉపాయ ప్రకరణం: చిరునామా చదివేవాడిని దాటాలంటే ఉత్తరం ఇంకొకరి చేతికివ్వాలి. ప్రాక్సీ అన్నా వీపీఎన్ అన్నా ఇదే. మనవాళ్లకు ఇది కొత్త కాదు, దూతకావ్యం. మేఘసందేశంలో యక్షుడు ఎవరు? ఉద్యోగి. పనిలో ఏమరుపాటు పడ్డాడని పై అధికారి కుబేరుడు ఏడాదిపాటు అలకాపురి బ్లాకు చేశాడు. ఏం తప్పు చేశాడో కాళిదాసు చెప్పలేదు. తోటకాపలా మరచి ఐరావతాన్ని తొక్కనిచ్చాడని కొందరు, పూజకు పూలు తేలేదని కొందరు కథలల్లారు. నిరోధానికి కారణం రాయకపోవడం అలకాపురి నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. యక్షుడేం చేశాడు? క్లౌడును పట్టుకున్నాడు. దారి చెప్పేటప్పుడు, వంకర అయినా సరే ఉజ్జయిని మీదుగా పొమ్మన్నాడు. ఘన్‌పూర్ నుంచి బయల్దేరిన మన విన్నపం సింగపూర్ చుట్టి రావడానికి ఇంతకన్నా ప్రాచీనమైన ప్రమాణం ఎక్కడ తేగలం?

ఆ యక్షుడు శాపకాలం గడిపిన రామగిరి ఏదన్నది ఇంకో గొడవ. మన మెతుకుసీమ కొలిచాల మల్లినాథసూరి మేఘసందేశానికి రాసిన సంజీవని టీకలో దాన్ని చిత్రకూటమన్నాడు. ఇప్పటి పండితులు నాగపూర్ పక్కన రామ్‌టెక్ అంటారు. పెద్దపల్లి రామగిరి ఖిల్లా కింద నిలబడి అడిగితే ఇదేనంటారు, వాళ్లతో వాదించి ఎవరూ గెలవలేదు. శ్లోకాల లెక్కా తేలదు. కాశ్మీరు వ్యాఖ్యాత వల్లభదేవుడికి 111 దొరికాయి. మల్లినాథుడి చేతికి వచ్చేసరికి పెరిగాయి, కొన్నిటిని ఆయనే ప్రక్షిప్తాలన్నాడు. అక్కరలేనిది చెప్పనని ముందుగా మాటిచ్చి టీక రాసినవాడు ఆయన. ఈ టీకాకారుడికి ఆ వ్రతం లేదు గనుక ఇంకో ముక్క. కొన్ని ప్రతుల చివర కుబేరుడు సంగతి విని, కరిగిపోయి, శాపం ఎత్తేసే శ్లోకాలున్నాయి. అవీ ప్రక్షిప్తాలే. కాళిదాసుకు రాజాస్థానం తెలుసు, పై అధికారి కరిగినట్టు రాయడు. ఆశ చావని గుమాస్తా ఎవరో చేర్చి ఉంటాడు. మందాక్రాంతంలో, యతిభంగం కాకుండా! ఆ గుమాస్తా మీద నాకు కాళిదాసు మీద ఉన్నంత గౌరవం. ఆ శ్లోకాలు వావిళ్లవారి ముద్రణలో ఉన్నాయో లేదో చూద్దామని ఆర్కైవ్ డాట్ ఆర్గ్ తెరిచాను.

మూలం మళ్లీ ప్రత్యక్షమైంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలకు వేలు ఆ సైటులో ఉన్నాయి. దానికి ఈ దేశంలో గ్రహపాటు కొత్తది కాదు. 2014 డిసెంబరులో గిట్‌హబ్, విమియోలతో కలిపి ఆపిన 32 సైట్లలో అదొకటి. 2017 ఆగస్టులో సినిమాల పైరసీ మీద మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో మళ్లీ ఆగింది. రెండుసార్లూ దేశం తెరిచింది. మా దగ్గర ‘ఫైల్ షేరింగ్’ అనే నేరం కింద లోపలే ఉంది. రేపు పొద్దున రెండో గంటకు ఒక ప్రబంధం పాఠం చెప్పాలి. అక్కడి వ్యాఖ్య లేకుండా ఎట్లా చెప్పాలి? లైబ్రరీ బీరువాలో ఉన్న ఒక్క ప్రతికి మొదటి నలభై పేజీలు లేవు.

నిషేధ ప్రకరణం: దూతను పంపమని ఈ టీక ఎవరికీ సలహా ఇవ్వడం లేదు. 2022 జూన్‌లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో నార్డ్‌వీపీఎన్, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, టోర్ వంటివి కూడదని పేర్లతో సహా ఉంది. ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్‌లో పాస్‌వర్డు కొట్టడం కన్నా మేఘంతో చెప్పుకోవడం క్షేమం. ఆ మేరకు సూత్రకారుడితో నాకు పేచీ లేదు.

లోకాచారం: మరి పని ఎట్లా జరుగుతున్నది? కిటికీ చువ్వకు ఆనించిన ఫోనుతో. సిగ్నల్ అక్కడే వస్తుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు పీడీఎఫ్ చిన్నది చేసే సైటు మా నెట్టులో రాదు. అందుకని ఆపరేటర్ పిల్లవాడు తన హాట్‌స్పాట్ కలుపుతాడు. మొన్న మధ్యాహ్నానికే ‘‘నా ఒకటిన్నర జీబీ పొద్దుగాల్నే ఒడిసింది సార్, మీది ఆన్ చేయరాదుండ్రి’’ అన్నాడు. చేశాను. పై కార్యాలయం నుంచి లెక్కలు అడిగేది వాట్సాప్ గ్రూపులో, ‘అత్యంత జరూరు’ అని. వాట్సాప్ వెబ్ మాత్రం అనావశ్యకం. అసలు ఈ నిరోధ ఉత్తర్వు మాకు చేరిందే వాట్సాప్‌లో. ఉత్పాదకత పెరిగింది, ఒప్పుకుంటాను, రీచార్జీల రూపంలో, మా జేబుల్లోంచి. ఆ పిల్లవాడి జీతం ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ దయ మీద వస్తుంది. వాడి డేటాతో సంస్థ నడుస్తున్నదని ఏ ఉత్పాదకతా నివేదికలో రాస్తారు?

పాఠాంతరం: పెద్ద సారు గదిలోని కంప్యూటర్‌లో ఈ సూత్రం కనిపించదు. అక్కడ యూట్యూబ్‌లో క్రికెట్ హైలైట్స్ నిరాటంకంగా వస్తాయి. ‘ఫుల్ యాక్సెస్’ శాఖవారి పాఠం అది. మేం వేరే శాఖ.

తాత్పర్యం: పని చేసేవాడికి అడ్డం, చెయ్యనివాడికి ఫోను.

శేషపూరణం: ‘ఆన్‌లైన్ ద్వారా సంప్రదించవలెను’ అన్న రెండో వాక్యాన్ని ప్రయోగించి చూశాను. దరఖాస్తు పేజీ కూడా ‘వర్గీకరింపబడనిది’ అనే తేలింది. హాట్‌స్పాట్ పెట్టి పంపాను. టికెట్ నంబరు వచ్చింది, పక్కన ‘పరిశీలనలో’ అని ఉంది. ఆ ప్రబంధం పాఠం అయిపోయింది, ఇంటర్నల్స్ అయినై, పిల్లలు సెలవులకు పోయిన్రు. టికెట్ ఇంకా పరిశీలనలోనే ఉంది.