బస్సు చుట్టరికం

రక్తసంబంధం, వియ్యం, దత్తత అనే మూడు బాంధవ్యాలను శాస్త్రాలు ఒప్పుకోగా, ఏ ధర్మశాస్త్రంలోనూ కనిపించని నాలుగవదొకటి హైదరాబాదు–విజయవాడ రహదారి మీద నిత్యం పుడుతూనే ఉంటుంది. పక్క సీటు మనిషిదీ తనదీ ఒకే ఇంటిపేరని తేలిన మరుక్షణం ఏర్పడే ఈ బంధాన్ని, సౌలభ్యం కోసం, బస్సు చుట్టరికం అనవచ్చు.

ఇది నార్కట్‌పల్లి దగ్గర మొలకెత్తి, సూర్యాపేటలో టీ తాగేవేళకు ముదిరి, కోదాడ చేరేలోపే కిటికీ సీటు మీద హక్కుగా పరిణమిస్తుంది. "అయితే మనం మనం ఒకటేనండీ" అన్న మాట వెలువడ్డాక సంచి కాపలా, మంచినీళ్ల సీసా, ఫోను ఛార్జరు, ఎదుటివారి జీతం, వారి పిల్లల మార్కులు అన్నీ ఉమ్మడి ఆస్తి కింద జమ అవుతాయి. గోత్రం, అంటే ఒక మూలఋషి పేర చెప్పుకొనే వంశశాఖ, కలవకపోతే ఈ విచారణ ఆగుతుందనుకోవడం అమాయకత్వమే, ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ ఉంటుంది కనుక, నిజంగా తెలుసుకోదలచినది ఆ కులమే కనుక, "అంటే మీరు..." అని వాక్యాన్ని సగంలో వదిలేసి, మిగతా సగం కోసం మొహంలోకి చూస్తూ కూర్చుంటారు.

ఊరి పేరే ఇంటిపేరైన వారి వ్యవహారం మరీ విచిత్రం. మునగాల ఇంటిపేరుగల ఇద్దరు ఈ దారిలో కలిస్తే, బస్సు ఆ ఊరి మీదుగా పోతున్నంతసేపూ సొంత జమీలో ఊరేగుతున్నట్టు చూస్తారు. కాని ఊళ్లోనే ఉండిపోయినవారిని మునగాలవారని పిలవవలసిన అవసరం ఎవరికీ రాదు, విడిచివెళ్లినవారికే కొత్తచోట ఆ పేరు అంటుకుంటుంది, కనుక ఆ ఇద్దరికీ ఉమ్మడిగా సంక్రమించింది ఊరు వదిలిపోవడమొక్కటే. పైగా ఆ ఊరికే తన చిరునామా మీద నిలకడ లేదు. మునగాల పరగణా (శిస్తు వసూలుకు కొన్ని గ్రామాలను కలిపిన విభాగాన్ని పరగణా అనేవారు) చుట్టూ నిజాం రాజ్యం ఉండగా, నడుమ మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందిన తునకగా ఉండి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నల్లగొండలో కలిసి, 2016లో సూర్యాపేట జిల్లాకు మారింది. తాతలది ఏ జిల్లా అని అడిగిన కొత్త చుట్టానికి ఇదంతా ఓపికగా వివరిస్తే, "అట్లయితే మీరు ఆంధ్రోళ్లే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు, పొదిలిలో పుట్టిన కవి నాయని సుబ్బారావు ఒకే బస్సెక్కి ఉంటే, చిట్యాల దాటకముందే ఇద్దరికీ అన్నదమ్ముల వరస కలిపి ఉండేవారు.

ఆ జమీందారు వద్ద దివానుగా ఉంటూ, 1906లో వెలసిన పుస్తక ప్రచురణ సంస్థ విజ్ఞాన చంద్రికా మండలికి మూలపురుషుడైన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో అక్కగారింట ఉండి చదువుకున్నాడు. ఆ అక్క అబలా సచ్చరిత్ర రత్నమాల రాసిన అచ్చమాంబ. పుట్టుకతో కొమర్రాజువారి పిల్లే అయినా, పెళ్లితో భండారువారి కోడలై, పుస్తకం మీద ఆ పేరుతోనే నిలిచింది. స్త్రీల ఇంటిపేరు ఇలా నడుమ మారిపోతుంది కనుక బస్సు చుట్టరికపు లెక్కలన్నీ మగవారి సీట్ల మధ్యనే తిరుగుతాయి. తోడబుట్టిన ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నా, ఇంటిపేర్లు మాత్రమే విన్న తోటి ప్రయాణికుడు వారికి ఏ వరసా కలపడు.